వరి మడికి లేని మడి తమలపాకు కుండీకి ఎందుకు?

తమలపాకు తీగను కుండీలో పెంచుకొనే అలవాటు ఇటీవల పట్టణాలలో బాగా వ్యాపించింది. సంతోషించవలసిన విషయమే. పెరడు లేని వారు కూడా నాలుగు కణుపుల తీగముక్క తెచ్చి వసారాలోనో మేడమెట్ల దగ్గరనో నాటుకొని, పండుగనాటికి నాలుగు ఆకులు ఇంటి తీగనుండే కోసుకోవాలని ఉబలాటపడుతున్నారు. కాని తీగతో పాటు ఒక పాత దురాచారం కూడా లిఫ్టెక్కి మూడవ అంతస్తుకు చేరింది. నాటిన మొదటి సంవత్సరంలో తీగ వాడిందంటే చాలు, "ఎవరో ముట్టుకొని ఉంటారు" అన్న మాట వినవస్తుంది. ఆ "ఎవరో" అన్నది కేవలం మర్యాద కోసం వాడిన సర్వనామం. దాని నామవాచకం ఆ ఇంటి కోడలో, ఎనిమిదో తరగతి చదివే మనుమరాలో అయి ఉంటుంది.

ఈ నింద అసత్యమని, అన్యాయమని, తీగకు కూడా హానికరమని నా వాదం. ఈ మూడింటినీ వరుసగా నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా తీగ సంగతి. నాగవల్లి మిరియపు తీగకు, పిప్పలికి దగ్గరి చుట్టం. ముగ్గురిదీ ఒకే ప్రజాతి. మనం దీనిని విత్తనంతో పెంచము, కణుపులున్న ముక్కను నాటుతాము. నాటిన నాటికి ఆ ముక్కకు వేళ్ళు ఉండవు, ఉన్నా నామమాత్రం. పాత ఆకు రెండు మూడు వారాలు పచ్చగా ఉండవచ్చు. అది చూసి తీగ నాటుకొన్నదని మురిసిపోతాము. నిజానికి అది కాండంలో దాచుకొన్న బలంతో బతుకుతున్నది. వేళ్ళు పుట్టి, మట్టిని పట్టుకొని, కొత్త చిగురు వేసి, కణుపు కణుపునా సన్నని వేళ్ళతో ఊతాన్ని పట్టుకొని పైకి పాకేదాకా దాని ప్రాణం దినదినగండమే. మొదటి ఏడు తీగకు శైశవం.

ఈ శైశవంలో దానికి ప్రధాన శత్రువు నిలువ నీరు. ఆకుతోటలు చూచినవారికి తెలుసు. అక్కడ ముందు అవిసె చెట్లు పెంచి, వాటి నీడలో, వాటికే తీగను పాకిస్తారు. నేల ఎప్పుడూ తడిగా ఉండాలి, కాని నీరు నిలువరాదు. అందుకే ఆకుతోట రైతు నీరు పెట్టడంలో ఎంత శ్రద్ధ చూపుతాడో, నీరు తీసివేయడంలోనూ అంత శ్రద్ధ చూపుతాడు. ఆ తోటలను తుడిచిపెట్టే తెగులుకు ఫైటాఫ్తోరా అనే సూక్ష్మజీవి కారణం. చూపునకు బూజువలె ఉంటుంది గాని, నిజమైన శిలీంధ్రం కాదు. దాని బీజాలకు తోకలుంటాయి, అవి నీటిలో ఈదుతూ పోయి వేళ్ళను పట్టుకొంటాయి. ఈ ప్రజాతికే చెందిన మరొక జీవి 1845 నుండి ఐర్లండులో బంగాళాదుంప పంటను కుళ్ళబెట్టి ఘోరమైన కరవు తెచ్చింది. అంతటి జీవికి మన కుండీ ఒక లెక్కా! వేరు కుళ్ళుతున్నంతకాలం పైకి ఏమీ కనబడదు. ఒకనాడు ఉన్నట్టుండి ఆకులు వాలిపోతాయి. ఆ "ఉన్నట్టుండి" అన్నదే నిందకు ఆధారం. రోగం వారాల తరబడి లోపల పనిచేసింది, మన కంటికి మాత్రం నిన్న సాయంకాలమే జరిగినట్టుంది. కనుక నిన్న సాయంకాలం అటువైపు ఎవరు పోయారా అని వెదుకుతాము.

మా ఎదురింటిలో గత వర్షాకాలంలో జరిగినది ఇదే. పదమూడేళ్ళ పిల్ల కుండీ పక్కనున్న తీగమీద తువ్వాలు ఆరవేసింది. మరునాటికి తీగ వాలింది. పిల్లను బామ్మగారు ఎన్ని మాటలన్నారో ఇక్కడ వ్రాయను. ఆ పిల్ల ఆ పూట అన్నం తినలేదు. నేను వారి అనుమతితో కుండీని బోర్లించి చూపించాను. అడుగు రంధ్రాన్ని ఒక పెంకు ముక్క బిరడా వేసినట్టు మూసింది. కింది పళ్ళెంలో నీరు నిలిచి ఉంది. మట్టి బురదవలె జారింది, కుళ్ళు వాసన కొట్టింది. వేళ్ళు నల్లబడి, వేలితో పట్టుకొంటే పైపొర ఊడి వచ్చింది. ఒక్క రాత్రిలో ఏ వేరూ ఆ స్థితికి రాదు. బామ్మగారు చూశారు, మాట్లాడలేదు. పిల్ల కూడా చూసింది. నాకు కావలసినదీ అదే.

ఇక లెక్క. ఇంట్లో ఋతుక్రమం ఉన్న స్త్రీలు ముగ్గురున్నారనుకోండి. ఒక్కొక్కరికి నెలకు ఐదు రోజులు. రోజులు కలవకపోతే నెలలో సగం రోజులు ఎవరో ఒకరు "దూరం"గా ఉండవలసిన రోజులే. అటువంటి ఇంట్లో తీగ ఏ రోజున వాలినా, ఆ రోజో, ముందురోజో ఎవరో ఒకరికి తగిలే అవకాశమే ఎక్కువ. ఎప్పుడు చూసినా ముద్దాయి సిద్ధంగా ఉండే న్యాయస్థానంలో తీర్పు చెప్పడానికి తెలివి అక్కరలేదు. తీగ పచ్చగా ఉన్న నెలలలో ఎవరు ఎన్నిసార్లు ముట్టుకొన్నారో మాత్రం ఎవరూ లెక్క పెట్టరు.

దీనికి కొందరు చదువుకొన్నవారు "పాశ్చాత్యులే పరిశోధించి తేల్చారు" అంటారు. పాశ్చాత్యులలో ఈ మూఢవిశ్వాసం లేకపోలేదు. రోము నగరపు ప్లినీ క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే, బహిష్టు అయిన స్త్రీ సోకితే పైరు ఎండిపోతుందని వ్రాశాడు. 1920లో వియన్నా వైద్యుడు బేలా షిక్, పనిమనిషి చేతిలో పూలు వాడిపోయాయన్న ఆధారంతో "మెనోటాక్సిన్" అనే విషాన్ని ఊహించాడు. ఆ దశాబ్దంలోనే అమెరికాలో డేవిడ్ మాక్ట్ అనే ఆయన మొలకలమీద ప్రయోగాలు చేసి దానిని సమర్థించాడు. శతాబ్దం గడిచింది. అటువంటి విషాన్ని ఎవరూ వేరుచేసి చూపలేకపోయారు, శాస్త్రం ఆ ఊహను విడిచిపెట్టింది. వారు పారవేసిన దానిని మనం వాట్సాప్‌లో ఏరుకొని, మన పూర్వుల జ్ఞానానికి సాక్ష్యమని చూపించుకోవడం మన పూర్వులకే అవమానం.

అన్నిటికంటె పెద్ద సాక్ష్యం మన పొలాలలోనే ఉంది. మన తెలుగు నేలమీద వరినాట్లు వేసేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? మిరపకాయ కోసేది, పత్తి తీసేది ఎవరు? స్త్రీలు. నాట్ల కాలంలో కూలికి పోయే ఆడమనిషికి నెలలో ఐదురోజుల సెలవు ఏ రైతూ ఇవ్వడు, ఆమెకు మానుకొనే స్తోమతూ లేదు. మోకాలి లోతు బురదలో ఆమె నాటిన నారు ఆమె చేతి స్పర్శకే ఎండిపోయే పక్షంలో మనకు అన్నమే లేదు. తెలుగులో మడి అంటే శుచి, మడి అంటే వరి పండే చేను. ఆ మడిలో ఈ మడి లేదు. ఆ మడి పండించిన అన్నమే వండి, ఈ మడి కట్టుకొని నివేదన చేస్తున్నాము. గింజకు లేని అంటు ఆకుకు ఎక్కడినుండి వచ్చింది?

"అది స్త్రీలకు విశ్రాంతి కోసం పెట్టిన ఆచారం" అనే పెద్దలున్నారు. విశ్రాంతి ఇవ్వండి, ఎవరు వద్దన్నారు? కాని విశ్రాంతికి నింద ఎందుకు? మూల కూర్చోబెట్టి, గిన్నె వేరు చేసి, తీగ చచ్చిపోతే నీవల్లనే అనడం విశ్రాంతి ఎట్లా అవుతుంది? బడిలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడిని. తన శరీరమే ఒక దోషమని ఇంట్లో నేర్చుకొని వచ్చిన పిల్ల తరగతిలో లేచి ప్రశ్న అడగదు. ఆ మౌనాన్ని మేము వినయమనుకొని మెచ్చుకొనేవాళ్ళము.

ఇక తీగకు హాని ఎట్లాగంటారా? కారణం తప్పుగా తెలిస్తే మందు తప్పుతుంది. పిల్లను తిట్టినవారు రంధ్రం చూడరు. మరల అదే కుండీలో, అదే మట్టిలో కొత్త ముక్క నాటుతారు. తెగులు ఆ మట్టిలోనే ఉంటుంది గనుక అదీ చస్తుంది. నింద రెండింతలవుతుంది.

కనుక చేయవలసినవి ఇవి. అడుగున తెరిచి ఉన్న రంధ్రాలు గల పన్నెండు అంగుళాల కుండీ తీసుకోండి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలపండి. ఉదయపు లేత ఎండ తగిలి, మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచండి. పైమట్టిని వేలితో తాకి, ఆరితేనే నీరు పోయండి. పళ్ళెంలో నీరు నిలువనీయకండి. పాకడానికి గరుకైన కర్ర పాతండి. తీగ మీ నడుము ఎత్తు దాటేదాకా ఆకు కోయకండి. తరువాతనైనా కింది ముదురాకులే కోసి, కొసను వదిలిపెట్టండి. చచ్చిన తీగ మట్టిని మరల వాడకండి.

నమ్మకం కుదరనివారు రెండు కుండీలు పెట్టండి. మట్టి ఒకటే, నీడ ఒకటే, నీటి కొలత ఒకటే. ఒకదానికి ఇంటి ఆడపిల్ల నెలలో ముప్పై రోజులూ నీరు పోయాలి, రెండవదానికి తాతగారు పోయాలి. ఒక సంవత్సరం చూడండి. తాతగారు మరచిపోయిన రోజులు లేకపోతే రెండూ సమానంగానే పెరుగుతాయి.

స్వస్తి.