పీచు అంకె సరే, ఏ మోడు అంకె?

యాప్రాల్ (సికింద్రాబాద్): పత్తి బేళ్ళ బేరంలో ధర కుదిరాక వచ్చే తగవుకు కారణం ఒక్కోసారి సరుకు కాదు, పరీక్ష కాగితం. ఏనుమాముల, ఆదిలాబాదు యార్డుల పత్తిని జిన్నింగు చేసి పంపే వర్తకుని కాగితంలో పీచు బలం 28 అని ఉంటుంది. కొన్న మిల్లు కాగితంలో అదే సరుకు 22 అని తేలుతుంది. ఇద్దరూ ఒకరినొకరు అనుమానిస్తారు. నిజానికి ఇద్దరి లెక్కా ఒప్పే కావచ్చు.

హెచ్‌విఐ మిషను ఒకటే అయినా లెక్క కట్టే మోడులు రెండు. ఐసిసి మోడులో పొడవును 2.5 శాతం స్పాన్ లెంగ్తుగా చెబుతారు. హెచ్‌విఐ మోడులో పొడుగైన సగం పీచుల సగటుగా చెబుతారు. బలంలో తేడా ఇంకా పెద్దది. మొదటి మోడులో టెక్స్‌కు 22 గ్రాములు చూపిన పత్తి రెండవదానిలో ఇంచుమించు 28 చూపుతుంది. పత్తి మారలేదు, కొలబద్ద మారింది.

మైక్రోనేరుది మరో చిక్కు. గాలి ప్రవాహంతో కొలిచే ఆ అంకె పీచు సన్నదనాన్ని, పక్వతను కలిపి చెబుతుంది. 3.4 వస్తే అది సహజంగా సన్నని పీచా, ముదరని పీచా అన్నది తేలదు. ముదరని పీచు నూలులో ఉండలు కడుతుంది, అద్దకంలో మచ్చలు తెస్తుంది. నెమ్మదైనా పాత కాస్టిక్ సోడా పరీక్ష ఇక్కడ అక్కరకు వస్తుంది.

నమూనాకు తగిన గాలి కూడా పట్టాలి. మన ప్రమాణం 65 శాతం గాలి తేమ, 27 డిగ్రీల వేడి. చెమ్మ పత్తి ఉన్నదానికంటే ఎక్కువ బలం చూపుతుంది.

ఇవి లేబరేటరీ వారి ముచ్చట్లని వర్తకులు తోసిపుచ్చరాదు. 2025-26 సీజనుకు మద్దతు ధర మధ్యరకం పీచు పత్తికి క్వింటాలు 7,710 రూపాయలు, పొడుగు పీచుకు 8,110. తరగతిని తేల్చేవి స్పాన్ లెంగ్తు, మైక్రోనేరు అంకెలే.

సొంత మిషను కొనే స్తోమత చిన్న జిన్నరుకు లేదు. కనుక అతనికి రక్షణ బేరపు చీటీయే. అందులో మిషను, మోడు, పరీక్ష స్థలం రాయాలి. నమూనాను మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి అమ్మినవారికి, ఒకటి కొన్నవారికి, మూడవది తగవు వస్తే తటస్థ పరీక్షకు. ఈ షరతులు రాయించే బాధ్యత బ్రోకర్లు తీసుకోవాలి. మోడు పేరు లేని అంకెపై ధర కోతకు అమ్మకందారు ఒప్పుకోనవసరం లేదు.