గొడ్డలి అందరికీ కావాలి, డాలు ఎవరు పట్టుకుంటారు?

పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నాం. మెస్‌ లైన్లో నిలబడి చదివితే కూర దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది.

పోయిన నెల ఒక అన్న ఇక్కడే రాశాడు. పేరు చెప్పలేదు గానీ మా గురించే. హాస్టల్ పిల్లలు రాత్రిళ్లు నేల మీద చింతపిక్కలు పరుచుకుని ఏదో దెయ్యాల ఆట ఆడుతున్నారు, స్కాలర్‌షిప్ మీద చదివేవాళ్లకి ఇదేం పని అని. దాని కింద ఒక అక్క ఇంకో మాట అడిగింది. ఆ ఆటలో మనలాంటి వాళ్లని రాక్షసుల పుస్తకంలో పెట్టారట కదా, తెలిసి ఎలా ఆడుతున్నారు అని. అన్నకి సమాధానం చిన్నది: వారానికి ఒక్క శనివారం రాత్రి ఆడతాం, సెమిస్టర్ పరీక్షల నెలలో అదీ లేదు. అక్క అడిగినదానికి మాత్రం ఒక్క లైన్లో చెప్పలేం. అందుకే ఇంత రాస్తున్నాం.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు కథలో ఒక్కో మనిషి. కథ నడిపేవాడిని డంజన్ మాస్టర్ అంటారు, మేము 'కథ పెద్ద' అంటాం. కొట్టినప్పుడు తగిలిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. మా దగ్గర ఆ పాచిక లేదు. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేశాం. తీసిన చీటీ మళ్లీ గ్లాసులో వేయాలి. మొదట్లో ఒకడు వేయకుండా తొడ కింద పెట్టుకునేవాడు, పెద్ద నంబర్లన్నీ ఎక్కడికి పోతున్నాయో మూడు వారాలకి గానీ తెలీలేదు. రూల్స్ కొనలేదు. ఐదో ఎడిషన్ ప్రాథమిక రూల్స్ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేశారు. దాదాపు 400 పేజీల పీడీఎఫ్, ఫోన్‌లోనే చదువుతాం.

మేము మొదట ఆడింది మా హాస్టల్లో కాదు. సిటీలోనే పుట్టి పెరిగిన క్లాస్‌మేట్ ఒకడు, మంచివాడే, మాలో ఇద్దర్ని వాళ్లింటికి పిలిచాడు. ఆ రోజు కథలో అడవి దాటాలి. పొదల్లోంచి శత్రువులు వచ్చారు. "ట్రైబల్ వారియర్స్, ఆరుగురు" అన్నాడు కథ నడిపే అబ్బాయి. అర్థం కాని భాషలో అరుస్తూ వస్తున్నారని కూడా చెప్పాడు. ఎవరూ మా వైపు చూడలేదు. మేమూ ఏం అనలేదు. ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరే పడిపోయారు. అయ్యాక ఎవరు ఎన్ని చంపారో లెక్క వేస్తుంటే మావాడు "నేను రెండిటిని" అన్నాడు. ఇద్దర్ని కాదు, రెండిటిని. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాట గుర్తొచ్చి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఆ రాత్రే పీడీఎఫ్ తెరిచి చూశాం. ట్రైబల్ వారియర్ నిజంగానే ఉంది. నాగరికతకి దూరంగా, వేట మీద, చేపల మీద బతికేవాళ్లని రాసి ఉంది. ప్రాణం 11 పాయింట్లు, చేతిలో బల్లెం, ఒంటి మీద తోలు, ఏసీ 12. (ఏసీ అంటే దెబ్బ తగలాలంటే శత్రువుకి రావాల్సిన నంబరు. మన హాస్టల్లో లేని ఏసీ కాదు.) తెలివి 8.

అదే పుస్తకంలో 'గార్డ్' అని ఇంకొకడున్నాడు, ఊరి కాపలావాడు. వాడికీ ప్రాణం 11. అదే బల్లెం, అదే దెబ్బ, కొట్టేటప్పుడు చీటీకి కలిపే +3 కూడా అదే. తేడా ఎక్కడంటే వాడికి గొలుసు చొక్కా, డాలు ఉన్నాయి, ఏసీ 16. తెలివి 10. అన్నట్టు గోబ్లిన్‌కి కూడా తెలివి 10 రాశారు. మామూలు పల్లె మనిషికి 10. బందిపోటుకి 10. మనకి 8.

అక్కా, నీ కోపం నిజం. మాకూ వచ్చింది. కానీ లెక్క కూడా వేశాం, ఎందుకంటే మాలో ఒకడు మ్యాథ్స్ మెయిన్. గార్డ్ మనవాడిని కొడితే 100కి 60 సార్లు తగులుతుంది. మనవాడు గార్డ్‌ని కొడితే 40 సార్లే. ఆ 20 తేడా బలంలో లేదు, చేతిలో లేదు. చాలావరకు చొక్కాలో, డాలులో ఉంది. మనవాడికి ఒక్క డాలు ఇచ్చి చూడండి, ఇంకేం మార్చకుండా: ఆ 60 కాస్తా 50 అవుతుంది.

ఇంకో లైన్ ఉంది, ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు. ట్రైబల్ వారియర్‌కి 'ప్యాక్ టాక్టిక్స్' అని ఒక గుణం ఇచ్చారు. కొట్టబోయే శత్రువుకి 5 అడుగుల్లో తన తోటివాడు ఒకడు నిలబడి ఉంటే, అడ్వాంటేజ్. అంటే రెండు చీటీలు తీసి పెద్దది ఉంచుకోవడం. అప్పుడు 40 కాదు, 64. గార్డ్ కంటే ఎక్కువ! (అదే గుణం తోడేలుకీ ఇచ్చారు, అది వేరే మంట. కిరాయి రౌడీకి కూడా ఉంది లెండి.) ఆ రోజు ఆరుగురూ కలిసి వచ్చి ఉంటే అక్కడ ఆ చవక నవ్వులు ఉండేవి కావు. ఒక్కొక్కరినే పంపింది రూల్ కాదు, నడిపినవాడి ఊహ. అడవి మనుషులంటే అరుస్తూ మీద పడిపోతారు అన్న ఊహ. మాలో ముగ్గురివి ఇటుకల పండుగకి వేటకి వెళ్లే ఊళ్లు. వేటలో ఒక్కడే అరుచుకుంటూ పరిగెత్తితే అడవిపంది కాదు కదా, కుందేలు కూడా దొరకదు. తోలేవాళ్లు తోలతారు, కాపు కాసేవాళ్లు కాస్తారు. ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే అనుకుంటారు.

సరే, అసలు విషయం. మా హాస్టల్లో మొదలుపెట్టాక మేం చేసిన తప్పు కూడా అదే. అందరికీ పెద్ద గొడ్డలి కావాలి. గ్రేట్‌యాక్స్ దెబ్బ 12 దాకా పడుతుంది, గ్రేట్‌స్వోర్డ్‌కి రెండు ఆరు ముఖాల పాచికలు. రెండూ రెండు చేతుల ఆయుధాలు. డాలు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. సినిమాల్లో హీరో డాలు పట్టుకోగా ఎప్పుడైనా చూశామా? దాక్కునేవాడి సామాను అనుకున్నాం.

మొదటి కథలో పాడుబడ్డ ఇల్లు, బయట 8 గోబ్లిన్లు. హాస్టల్ నేల మీద ఒక బండ అంటే 5 అడుగులు, చింతపిక్క అంటే గోబ్లిన్. మావాళ్లు ఇద్దరు గొడ్డళ్లతో బయటికి ఉరికారు. ఒంటి మీద చైన్ మెయిల్, ఏసీ 16, ప్రాణం 12. ఒక్కొక్కరి చుట్టూ నాలుగు పిక్కలు. గోబ్లిన్ దెబ్బ 16 మీద 45 శాతం తగులుతుంది, తగిలితే సగటున ఐదున్నర. రెండో రౌండ్ పూర్తి కాకముందే ఇద్దరూ నేల మీద. ఒకడు చచ్చిపోయాడు కూడా, అంటే కథలో. వాడు అలిగి నిద్రపోయాడు.

అప్పుడు కూర్చుని లెక్క చూశాం. డాలు ఇచ్చేది +2 మాత్రమే. వినడానికి చిన్నదే. కానీ ఏసీ 16 నుంచి 18 అయితే గోబ్లిన్‌కి 45 శాతం పోయి 35 అవుతుంది. తగిలే దెబ్బల్లో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయినట్టు. ధర చూడండి. చైన్ మెయిల్ 75 బంగారు నాణేలు, ఏసీ 16. అక్కడి నుంచి 18కి పోవాలంటే నిలువెత్తు ప్లేట్ కవచం, 1500 నాణేలు. డాలు? 10 నాణేలు. అదే రెండు పాయింట్లు. ఇంటి నుంచి వచ్చే డబ్బు నెలాఖరు దాకా సాగదీసే మాకు ఈ లెక్క ముందే తట్టి ఉండాలి.

మరి దెబ్బ తగ్గిపోదా అంటారు. డాలు పట్టినవాడు 'డ్యూయలింగ్' పద్ధతి తీసుకుంటే ఒంటిచేతి కత్తికి +2. లాంగ్‌స్వోర్డ్ సగటు నాలుగున్నర, దానికి 2 కలిపితే ఆరున్నర. రెండు చేతుల గ్రేట్‌స్వోర్డ్ సగటు 7, దానికున్న పద్ధతి కూడా కలిపితే ఎనిమిది పైచిలుకు. ఒక్కో దెబ్బకి రెండు కూడా రాని తేడా కోసం పావు వంతు రక్షణ వదిలేస్తున్నాం అన్నమాట. లెవెల్ పెరిగే కొద్దీ పెద్ద ఆయుధానికి వేరే లాభాలు వస్తాయి, అది ఒప్పుకుంటాం. ప్రాణం 12 ఉన్న రోజుల్లో మాత్రం అది మూర్ఖత్వమే.

మేము ఇంకా పైన పెట్టేది 'ప్రొటెక్షన్' పద్ధతిని. మన పక్క బండలో ఉన్నవాడి మీద దెబ్బ పడుతుంటే, మన డాలు అడ్డం పెట్టొచ్చు. శత్రువు రెండు చీటీలు తీసి చిన్నది ఉంచుకోవాలి. మా మాంత్రికుడి ఏసీ 12, గోబ్లిన్‌కి 65 శాతం తగులుతుంది. పక్కన ఈ డాలువాడు ఉంటే 42. అయితే రౌండ్‌కి ఒక్కసారే, ఎందుకంటే రియాక్షన్ ఒక్కటే. ఆ రియాక్షన్ ఇక్కడ వాడేస్తే, పక్క నుంచి జారిపోయే శత్రువుని కొట్టే అవకాశం ఉండదు. దేనికి వాడాలి అన్నది ప్రతి రౌండూ పంచాయితీయే.

రెండోసారి అదే ఇల్లు, అవే 8 పిక్కలు. డాలు ఎవరూ అడగలేదు కాబట్టి మొదటి సంవత్సరం తమ్ముడికి వచ్చింది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడు. క్లాసులో హాజరు పిలిచినా గొంతు బయటికి రాదు, దసరాకి ఇంటికెళ్తే మళ్లీ రాడేమో అనుకున్నాం. వాడు గుమ్మంలో నిలబడలేదు. అక్కడ నిలబడితే బయటి బాణాలు నేరుగా తగులుతాయి కదా అన్నాడు. ఒక బండ లోపలికి, గోడ పక్కకి జరిగాడు. లోపలికి వస్తే గానీ గోబ్లిన్‌కి వాడు కనపడడు. వచ్చింది వచ్చినట్టు ఇద్దరి మధ్యలో పడేది. వాడి వెనక బండలో హాల్బర్డ్, దాని పొడుగు 10 అడుగులు. మధ్యలో మనవాడు అడ్డం ఉన్నాడు కాబట్టి శత్రువు ఏసీకి +2 కలపాలని కథ పెద్ద పట్టుబట్టాడు, రూల్ అదే, ఒప్పుకున్నాం. (బల్లెంకి మాత్రం కత్తి అంతే, 5 అడుగులే అని రాశారు. రాసినవాళ్లు ఎప్పుడైనా బరిసె చేత్తో పట్టుకున్నారా అని మా అనుమానం.) మాంత్రికుడి మీదికి ఒకటి దూకింది. తమ్ముడు చెయ్యెత్తి "అన్నా, ఆగు, రియాక్షన్" అన్నాడు. మేము వాడి గొంతు అంత గట్టిగా విన్నది అదే మొదటిసారి. ఎవరం పడిపోలేదు.

తర్వాత వారం చీకటి గుహ. మళ్లీ ఇరుక్కున్నాం. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో డాలు, కాగడా ఎవరు పట్టుకోవాలి? డాలు తీయడానికి ఒక యాక్షన్ పోతుంది, కట్టుకోవడానికి ఇంకొకటి. చివరికి మాంత్రికుడి చేతికే కాగడా ఇచ్చాం. వెలుతురు ఎవరి చేతిలో ఉంటే బాణాలన్నీ వాడికే అని అప్పుడు తెలిసింది. దీనికి మా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు, ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

అక్క అడిగినదానికి వస్తాం. మేము మానేస్తే ఆ పేజీ మాయం కాదు, ఇంకో ఇంట్లో ఇంకో ఆరుగురు ఒక్కొక్కరే వచ్చి పడిపోతారు, లెక్కపెట్టడానికి మేము అక్కడ ఉండం, అంతే. 2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌లో ట్రైబల్ వారియర్ అనే పేరు లేదు, 'వారియర్ ఇన్‌ఫాంట్రీ' అయింది. మంచిదే. కానీ మన దగ్గర అందరి ఫోన్లలో తిరిగేది పాత పీడీఎఫ్. కాబట్టి మా గ్లాసు దగ్గర మేమే మార్చేశాం. తెలివి 10. డాలు ఉంటుంది. ఎప్పుడూ ఒంటరిగా రారు. వాళ్లకి ఊరుంది, పేర్లున్నాయి, ముందు మాట్లాడతారు. మాట వినకపోతే మా పార్టీని రెండుసార్లు తరిమేశారు కూడా. ఆ సిటీ క్లాస్‌మేట్‌ని కూడా పిలిచాం. వాడి ఫైటర్‌ని మన ముగ్గురు చుట్టుముట్టి, పక్కపక్కన డాళ్లు పెట్టి నిలబడితే, "వీళ్లకి ఇది ఎక్కడిది?" అన్నాడు. పీడీఎఫ్‌లో ఆ లైన్ చూపించాం. చాలాసేపు చదివాడు. ఇంకేం అనలేదు, వచ్చే వారం ఎన్నింటికి రావాలి అని అడిగాడు.

వచ్చే శనివారం హాబ్‌గోబ్లిన్ల కోట గుమ్మం దగ్గర ఆగి ఉన్నాం. వాళ్లకి చైన్ మెయిల్ ఉంది, డాలు ఉంది, ఏసీ 18. మనవాడి పక్కన వాళ్లవాడు ఒకడు ఉంటే దెబ్బకి ఇంకో రెండు పాచికలు కలుస్తాయి. అంటే పక్కపక్కన నిలబడటం వాళ్లకీ తెలుసు. మాకు గొడ్డళ్లు మూడున్నాయి, డాలు ఒక్కటే. ఇంకొకరు కావాలి. బాలికల హాస్టల్ నుంచి ఎవరైనా వస్తామంటే సాయంత్రం లైబ్రరీ వరండాలో ఆడటానికి కూడా మేము సిద్ధమే. గ్లాసు, పిక్కలు మేమే తెస్తాం.