మైదానంలో కులం - 6: విజిల్ ఎవరి చేతిలో?

ఆడే పిల్లల్లో మనవాళ్లు ఎందరో లెక్కపెట్టి సంబరపడింది చాలు మిత్రులారా. విజిల్ పట్టుకున్నవాళ్లలో ఎందరున్నారో లెక్కపెట్టండి.

కబడ్డీలో కూతకు 30 సెకన్లు. ఆలోగా కాలు బోనస్ లైన్ దాటిందా, రెండో కాలు గాల్లో ఉందా, కోర్టులో ఆరుగురికి తగ్గకుండా డిఫెండర్లున్నారా, అన్నీ రెప్పపాటులో చూడాలి. పరీక్ష పాసైతే ఇది రాదు. హాఫ్ టైమ్‌లో ఒక సీనియర్ పక్కకొచ్చి "నువ్వు నిలబడ్డ చోటు తప్పు, రెండడుగులు ఇటు జరుగు" అని చెబితే వస్తుంది.

ఆ చెప్పే మనిషి ఎవరికి దొరుకుతున్నాడు? అసలు గొడవ ఇక్కడే.

అసోసియేషన్‌లో బాబాయో మామో ఉన్న కుర్రాడికి మొదటి సీజన్‌లో చిన్నపిల్లల మ్యాచ్‌లు, పక్కన పెద్దాయన. మాదిగవాడ నుంచి బీపీఈడీ చదివొచ్చిన అమ్మాయికి సంక్రాంతి పోటీల్లో రెండూళ్ల పంతం మ్యాచ్, పక్కన ఎవరూ లేరు. ఒక్క పాయింట్ ఇవ్వగానే "ఎవరి పిల్ల?" అని ఆరా. వాళ్లబ్బాయి తప్పు చేస్తే "కొత్తోడు". మన పిల్ల తప్పు చేస్తే "కోటా". రెండో సీజన్‌కు ఆమె రాదు. వెళ్లగొట్టినట్టు ఎక్కడా కాగితం ఉండదు.

ఇది ఈనాటిది కాదు. పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఏనాడూ ఇవ్వలేదు. చెమట కావాలి, అధికారం మాత్రం ఇవ్వరు.

"మెంటరింగ్ అంటే మంచి మనసు సార్, రూల్స్‌తో వస్తుందా?" అంటారు. మంచి మనసు చుట్టరికం వెంటే పోతుంది. అందుకే రూల్ కావాలి. కొత్త అఫీషియల్‌కు మొదటి సీజనంతా ఒక సీనియర్‌ను రాతపూర్వకంగా కేటాయించాలి. ఎవరికి ఏ మ్యాచ్ ఇచ్చారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. టీఏ డీఏ అదే రోజు చేతిలో పెట్టాలి. లోపాలు కమిటీ గదిలో గుసగుసలుగా కాదు, కాగితం మీద రాసి ఆమెకే ఇవ్వాలి.

గ్యాలరీ నుంచి కులం పేరుతో తిడితే "ఆటలో మామూలే" అని సర్దిచెప్పే సీనియర్ మనకొద్దు. నలుగురి ముందు కులం పేరుతో దూషించడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. సాక్షిగా సంతకం పెట్టే సీనియర్ కావాలి.

విద్యార్థులారా, మీ యూనివర్సిటీలో జరిగిన చివరి టోర్నమెంట్ అఫీషియల్స్ జాబితా అడగండి. ఎవరు ఎవరికి నేర్పారో అడగండి. ఇప్పటికే విజిల్ పట్టిన మన అన్నలూ అక్కలూ, ఈ సీజన్‌లో ఒక్కరి పక్కన నిలబడండి.

జై భీమ్.