కుంచె పట్టిన చేతికి కంప్యూటరు పరాయిదా?

చిత్రకళాశాలలో చదివిన యువకుడు కంప్యూటరు ముందు కూర్చుంటే కళాభ్రష్టుడయ్యాడని ఆక్షేపించే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. కంప్యూటరు వచ్చిన తరువాత ఏళ్ల తరబడి రేఖాభ్యాసం దేనికని ఎగతాళి చేసేవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు వాదాలదీ ఒకే దోషం. పనిముట్టు ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నను రెండూ దాటవేస్తాయి. కలకత్తా చరిత్ర ఆ ప్రశ్నను దాటవేయనివ్వదు. (2001లో నగరం పేరు కోల్‌కతా అయినా, పాత కథ చెప్పేటప్పుడు పాత పేరే నోట వస్తుంది.)

1854లో అక్కడ వెలసిన పారిశ్రామిక కళా పాఠశాలే నేటి ప్రభుత్వ ఆర్ట్ అండ్ క్రాఫ్ట్ కళాశాల. అందులో చదివి అక్కడే పాఠం చెప్పిన అన్నదాప్రసాద్ బాగ్చీ 1878లో శిష్యులతో కలిసి కలకత్తా ఆర్ట్ స్టూడియో నెలకొల్పాడు. బడిలో నేర్చిన వెలుగునీడల విద్యను లితో రాతి మీదికి మళ్లించి, దేవతల రంగు పటాలు అచ్చువేయించి బజారుకు చేర్చాడు. అదే నగరంలో కాళీఘాట్ గుడి చుట్టూ పటువాలు ఉండేవారు. వారికీ తండ్రుల నుంచి వచ్చిన శిక్షణ ఉంది. ఒక్క విసురులో భుజం గుండ్రదనాన్ని పట్టగల గీత ఉంది. లేనిదల్లా అచ్చుయంత్రం. చవక ముద్రణలు, జర్మనీ నుంచి దిగిన పటాలు వారి గిరాకీని మింగివేశాయి. 1930ల నాటికి కాళీఘాట్ పటం దాదాపు కనుమరుగయింది. అది విద్య చాలక కలిగిన ఓటమి అని ఎవరైనా అనగలరా?

ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురీ ఉదాహరణ ఇంకా స్పష్టం. పిల్లల రామాయణానికి తాను వేసిన బొమ్మలు చెక్క దిమ్మెల అచ్చులో పాడైపోగా, ఆయన అచ్చువాళ్లను తిట్టి ఊరుకోలేదు. విలాయతు నుంచి సామగ్రి తెప్పించుకుని హాఫ్‌టోన్ విద్యను తానే సాధించి, 1895లో సొంత సంస్థ పెట్టాడు. ఆయన మనుమడు సత్యజిత్ రాయ్ శాంతినికేతన్ కళాభవనంలో నందలాల్ బోస్, బినోద్ బిహారీ ముఖర్జీల వద్ద నేర్చుకుని, 1943లో నెలకు 80 రూపాయల జీతం మీద డి.జె. కీమర్ ప్రకటనల సంస్థలో చేరాడు. పుస్తకాల అట్టలు గీశాడు, ఆంగ్లానికి అక్షరరూపాలు కల్పించాడు. పథేర్ పాంచాలీ బాలల ప్రతికి వేసిన బొమ్మల మీదుగానే ఆ సినిమా వైపు నడిచాడు. గణేశ్ పైన్ వంటి అంతర్ముఖ చిత్రకారుడు కూడా తొలినాళ్లలో యానిమేషన్ స్టూడియోలో బొమ్మలు గీసి పొట్ట పోసుకున్నవాడే. వీరిలో ఎవరు కళాభ్రష్టులో ఆక్షేపకులే సెలవివ్వాలి.

రెండవ వాదుల మాటకు వస్తే, యంత్రం రెండు భంగిమల మధ్య చిత్రాలను నింపగలదు. అయితే మనిషి బరువు ఏ కాలి మీద ఆనిందో, బిందె ఎత్తిన స్త్రీ నడుము ఎటు ఒరుగుతుందో చూసి గీసినవానికే తెలుస్తుంది. తెర మీది బొమ్మ గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తే, ఆ లోపం సాఫ్ట్‌వేరుది కాదు, నగ్నరేఖాభ్యాసం ఎగ్గొట్టిన విద్యార్థిది.

మనకూ వంగదేశానికీ ఈ విషయంలో చుట్టరికం ఉంది. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్‌కుమార్ చటోపాధ్యాయ నేర్పిన కుంచెపనితోనే అడివి బాపిరాజు వంటివారు ఎదిగారు. వంగ కుంచెను ఆదరంగా అందుకున్నాం. ఉపేంద్రకిశోర్ అచ్చుగదిని మాత్రం అంతగా పట్టించుకోలేదు. ఫలితం కళ్లెదుటే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీని పోలిన నకళ్లు యంత్రాల మీద గజాల లెక్కన అచ్చయి కలంకారీ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. చేర్యాల నకాషీ బొమ్మకూ అటువంటి గతి పట్టకూడదంటే, స్కానరూ డిజిటల్ కలమూ ఆ నకాషీ ఇంటికే చేరాలి. సన్మాన పత్రంతో పాటు అవి ఇస్తే నష్టమేమిటి?

హక్కు సంగతి మరీ ముఖ్యం. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ఉద్యోగి ఉద్యోగధర్మంగా గీసిన బొమ్మకు తొలి యజమాని ఉద్యోగం ఇచ్చినవాడే. స్టూడియోలో రాత్రింబవళ్లు పాత్రలు సృష్టించిన యువతి ఉద్యోగం మానిననాడు అవి ఆమెతో రావు. ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రాలు చిత్రకారుల అనుమతి అడగకుండానే వారి బొమ్మలను మేసి బొమ్మలు కక్కుతున్నాయి. కాళీఘాట్ కథే మళ్లీ మొదలయింది, రాతి అచ్చుకు బదులు మరో యంత్రంతో.

దీనికి ప్రభుత్వ శాఖలు ఎవరినో వేలెత్తి చూపనక్కరలేదు. అదే సెక్షను కింద, ప్రభుత్వం చేయించుకున్న కృతికీ వేరే ఒప్పందం లేకుంటే ప్రభుత్వమే తొలి యజమాని. వేరే ఒప్పందం రాసుకోవడానికి చట్టం అడ్డు రాదు. పోస్టరు మీద చిత్రకారుని పేరు వేస్తామని, మరోచోట వాడుకుంటే మళ్లీ ప్రతిఫలం ఇస్తామని, యంత్రశిక్షణకు అప్పగించబోమని మూడు షరతులు పని ఉత్తర్వులో చేర్చడానికి కావలసింది ఒక అధికారి సంతకం.