మా కాన్పుల లెక్క

మమ్మల్ని ఎక్కడ చూసినా ముందు లెక్కపెడతారు. బస్సులో పక్కసీటాయన పేరడిగి, ఊరడిగి, మూడో మాటగా "మీవాళ్ళకి బిడ్డలెక్కువ కదా" అంటాడు. అభ్యుదయ మిత్రుడు ఇంకాస్త మర్యాదగా "మీలో చదువు పెరగాలండీ" అంటాడు. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో పుట్టి పెరిగిన మేం ఈ రెండు మాటలూ వినీ వినీ ఉన్నాం. ఇద్దరికీ మా జవాబొకటే. మా ఆడవాళ్ళు అడిగింది కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం. మీరు చూపించింది ఆపరేషన్ బల్ల.

కలికిరి వైపు పోండి, వాయల్పాడు వైపు పోండి, పుంగనూరు వైపు పోండి. పదిహేడుకో పద్దెనిమిదికో నికా. ఏడాది తిరక్కుండా కాన్పు. ఆ బిడ్డ పాలు మానకముందే మళ్ళీ కడుపు. రెండో కాన్పు నొప్పులు తగ్గకముందే నర్సమ్మ అడుగుతుంది, "ఏమ్మా, ఆపరేషన్ చేసేద్దామా?" అని. ఆ పిల్లకి అప్పటికి ఇరవై ఒకటి. "ఇప్పుడొద్దు, మూడేండ్లు ఆగి ఇంకొకర్ని కంటా" అంటే ఎట్లా ఆగాలో చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. "మీ తురకోళ్ళంతా ఇంతే" అని రిజిస్టరు మూసేస్తారు. మా ఇళ్ళలో అమ్మీలు, అక్కలు, చెల్లెళ్ళు తలా ఒక ఆసుపత్రిలో విన్న మాట ఇది.

ఇది మా ఒక్కరి గోడు కాదు. పక్క వీధి దళిత పిల్లకీ, బీసీ పిల్లకీ ఇదే జరుగుతోంది. వాళ్ళని తిట్టరు, అంతే తేడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల వయసున్న పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. మగవాళ్ళ ఆపరేషన్ అర శాతం కూడా లేదు. మాత్రలు, లూపు, నిరోధ్ అన్నీ కలిపినా ఒకటి రెండు శాతమే. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 59 మంది ఆడవాళ్ళకి రక్తం తక్కువ. 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29 శాతానికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే కాన్పులు, ఆపైన కోత. దీన్నే విజయమని ఢిల్లీ దాకా చెప్పుకున్నారు. 1977లో శాఖ పేరు కుటుంబ సంక్షేమం అయింది గానీ మా ఊళ్ళలో ఇప్పటికీ అది 'కు.ని.' ఆపరేషనే.

నిజం చెప్పాలంటే మా పల్లెల్లో ఎడం పాటించిన ఒకే ఒక్క పథకం కువైట్ వీసా. మగడు రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తాడు. బిడ్డల మధ్య మూడేళ్ళు తేడా! నవ్వుకోండి, మేమూ నవ్వుకుంటాం.

ఆపరేషన్ అంటే మా పెద్దలు బెదరడానికి కారణం మతమొక్కటే కాదు. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటులో ఇళ్ళ కూల్చివేతా, నస్‌బందీ భయమూ కలిసే వచ్చాయి. ఆ ఏడాది నవంబరులో హర్యానాలోని ఉటావర్ అనే మేవ్ ముస్లింల ఊరిని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్ళని పట్టుకుపోయారు. ఆ భయాన్ని మూఢత్వం అనేముందు ఎవరు పుట్టించారో చెప్పండి.

ఇక మా లోపలి మాట. "అల్లా ఇచ్చిన బిడ్డలు" అని మైకుల్లో చెప్పే మౌల్వీ సాబులూ, మీరూ వినండి. బఖరా సూరా 233వ ఆయతు తల్లి పాలకి రెండు నిండు సంవత్సరాలు చెప్పింది. ప్రవక్త కాలంలో, ఖురాన్ దిగుతున్న రోజుల్లోనే సహాబాలు 'అజ్ల్' పాటించారని జాబిర్ చెప్పిన హదీసు బుఖారీలో ఉంది, ముస్లింలో ఉంది. ఇమాం గజాలీ తల్లి ప్రాణం కోసం, సంసార భారం కోసం దాన్ని ఒప్పుకున్నాడు. ఇవి మీకు తెలియనివి కావు. జుమా ఖుత్బాలో ఒక్కసారైనా ఎందుకు చెప్పరు? మగవాడు తన మీద వేసుకోవాల్సిన జాగ్రత్త గనకా? మా మగవాళ్ళకి దీన్ గుర్తొచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళ కడుపు దగ్గరే.

"హమ్ పాంచ్, హమారే పచ్చీస్" అని మమ్మల్ని ఎగతాళి చేసిన దేశమిది. 1992-93లో దేశంలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 కాన్పులు, హిందూ స్త్రీకి 3.3. 2019-21 నాటికి 2.4, 1.9. మావాళ్ళ అంకె ఎంత వేగంగా దిగిందో చూడండి. ఇరవై ముప్పై ఏళ్ళలో మారింది మతం కాదు, మా ఆడపిల్లల చదువు. రెండు కోట్లకు పైగా ముస్లిం దంపతులు గర్భనిరోధక పద్ధతులు వాడుతున్నారని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. చదివిందెవరు? 2024 ఏప్రిల్‌లో బాంస్‌వాడా సభలో ప్రధానమంత్రి ముస్లింల ప్రస్తావన తెచ్చి, ఆ వెంటనే "ఎక్కువమంది పిల్లల్ని కనేవాళ్ళు" అన్నారు. ముస్లింలనే అనలేదని తర్వాత సర్దుకున్నారు.

అదే ఏడాది అక్టోబరులో నారావారిపల్లెలో పుట్టి కుప్పంలో గెలిచే మన ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమన్నారు. ఇద్దరికంటే ఎక్కువ బిడ్డలుంటేనే స్థానిక ఎన్నికల్లో పోటీకి అర్హత అనే చట్టం ఆలోచిస్తున్నామన్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరు దాటితే పోటీకి అనర్హులంది. ఆ నిబంధనని 2024 నవంబరులో ఎత్తేశారు. మంచిదే. మూడో బిడ్డ ఉందని ఇన్నేళ్ళు సర్పంచి పదవికి నామినేషన్ వెయ్యలేకపోయినవాళ్ళకి క్షమాపణ ఎవరు చెప్తారు? మేం కంటే దేశానికి భారం, మీరు కంటే దేశానికి బలం! నిన్న కోత మీ లెక్క, ఇవాళ కాన్పు మీ లెక్క. మధ్యలో ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్లని ఎవరూ అడగలేదు.

మూడు నెలలకోసారి వేసే 'అంతర' సూది 2017లోనే ప్రభుత్వ పథకంలోకి వచ్చింది. అది నారావారిపల్లె నుంచి కుప్పం దాకా ప్రతి సబ్ సెంటర్‌లో ఉండాలి. మాత్రలుండాలి, లూపుండాలి. వాటి మంచీ చెడూ చెప్పే నర్సమ్మకి ఉర్దూ రాకపోయినా ఫరవాలేదు, మర్యాద రావాలి. మా మసీదు కమిటీలు ఆమెని గడప దగ్గర ఆపకూడదు. బస్సులో పక్కసీటాయనా, ఈసారి మా ఊరి పేరు దగ్గరే ఆగండి.