పరామర్శకు వచ్చేవారికి ఒక మనవి

ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం ఇమ్మని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, ఎప్పటిలాగే ధరల పెరుగుదల మీదో, గ్రామీణ రుణాల మీదో ఏదో ఒకటి వ్రాసి ఇస్తాననుకుని ఉంటారు. ఈసారి అర్థశాస్త్రం జోలికి పోను. నేను పరీక్ష తప్పి, మళ్ళీ కట్టి, గట్టెక్కిన ఒక పాఠం గురించి వ్రాస్తాను.

2022 జూలైలో మా ఆవిడకు ఒంటి మీద ఎక్కడబడితే అక్కడ నల్లగా కమిలిన మచ్చలు కనిపించసాగాయి. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. జ్వరం వచ్చి పోతూండేది. ఎండలకేమోననుకున్నాం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 14 వేలన్నారు. మామూలు మనిషికి కనీసం లక్షన్నర ఉండాలి. పట్నంలో ఎముక మూలుగ తీసి పరీక్షించి, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేల్చారు.

నేను మొదట చేసిన పని, ఆ మాట ఆవిడకు చెప్పకపోవడం. బావమరిదికి చెప్పాను, పెదనాన్నగారికి చెప్పాను, సెలవు కోసం ప్రిన్సిపాల్‌గారికి చెప్పాను. ఆవిడతో మాత్రం "రక్తం తక్కువగా ఉందట, ఎక్కిస్తారు" అన్నాను. మూడో రోజున పక్క మంచం వాళ్ళ ద్వారా తెలిసింది. "నా ఒంట్లో ఉన్న జబ్బు ఊరందరికీ చెప్పి, నాకు దాచారన్నమాట" అంది. ఏడవలేదు. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. రోగికి తెలిస్తే బెంగపెట్టుకుంటుందని మనం అంటూంటాం గాని, నిజానికి ఆ బెంగను ఎదుట కూర్చుని చూడలేక దాస్తామని నా అభిప్రాయం.

ఇక వైద్యం సంగతి. ఈ జబ్బులో మందు చెడ్డ కణాలతో పాటు మంచి కణాలను కూడా చంపుతుంది. మొదటి నెల రోజులూ మూలుగ దాదాపు ఎండిపోయినట్టే. తెల్లకణాలు ఉండవు, కనుక చిన్న జ్వరమైనా ప్రమాదమే. థర్మామీటరు 100.4 చూపించిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. ప్లేట్‌లెట్లు ఉండవు, కనుక రక్తస్రావం భయం. డాక్టరుగారు చిన్న చీటీ వ్రాసి చేతిలో పెడతారు: "బి పాజిటివ్, ఒక యూనిట్, ఈరోజే." ఆ చీటీ పట్టుకుని తిరగడమే పక్కనున్నవాడి ఉద్యోగం.

ఆ నెలలో మమ్మల్ని చూడ్డానికి నలభై మందికి పైగా వచ్చారు. బత్తాయిలు తెచ్చారు, యాపిల్స్ తెచ్చారు, గుడి నుంచి పూలు తెచ్చారు. పూలు వార్డులోకి రానివ్వరు. తొక్క తీయకుండా పళ్ళు పెట్టవద్దన్నారు. పళ్ళన్నీ ఆయాలకు పంచాను. దూరపు బంధువొకాయన తుమ్ముతూనే మంచం పక్కన కూర్చుని, ఏ జన్మలో ఏం చేసుకుందో అని నిట్టూర్చారు. అందరూ పోయేముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఏమైనా అవసరమైతే చెప్పండి." చీటీ చూపించి "ప్లేట్‌లెట్లు కావాలి" అంటే మాత్రం ఒకరికి బీపీ, ఒకరికి బస్సు టైము.

అప్పుడు మా డిపార్టుమెంటు మిత్రుడొకరు హాస్టల్ బోర్డు మీద కాగితం అంటించారు. ఆ రాత్రి పాసింజరు బండి ఎక్కి నలుగురు కుర్రాళ్ళు తెల్లవారేసరికి ఆసుపత్రి మెట్ల మీద ఉన్నారు. అందులో ఒకడు, హాజరు చాలలేదని నేను అంతకు ముందు సెమిస్టరులో పరీక్షకు కూర్చోనివ్వనివాడు. మిషను పక్కన గంటన్నర సేపు చెయ్యి చాపి పడుకున్నాడు. లేచాక ఇచ్చిన ఫ్రూటీ తాగుతూ, "ఇవాళ్టికైనా ప్రజెంట్ వేస్తారా సార్?" అన్నాడు. నవ్వాననుకున్నాను గాని, కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

ఇక్కడ నా నేరం కూడా ఒప్పుకోవాలి. నేను అయిదేళ్ళు మన కాలేజీ ఎన్.ఎస్.ఎస్. బాధ్యుణ్ణి. ఏటా రక్తదాన శిబిరం పెట్టాం, ఫోటోలు దిగాం, ఈ సంచికలోనే అచ్చు వేసుకున్నాం. శిబిరం మంచిదే, కాదనను. కాని లెక్క చూడండి. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో నెల పైన నిలవ ఉంటాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. గాంధీ జయంతినాడు ఇచ్చిన ప్లేట్‌లెట్లు దీపావళికి పనికిరావు. కనుక కావలసింది ఏడాదికొక శిబిరం కాదు, ఏడాది పొడుగునా పిలిస్తే పలికే మనుషుల జాబితా. మిషను ద్వారా ఒక దాత ఇచ్చేది, మామూలు రక్తదానంలో అయిదారుగురు ఇచ్చినదానికి సమానం. మిషను ప్లేట్‌లెట్లను మాత్రం ఉంచుకుని మిగతా రక్తం మన ఒంట్లోకే తిరిగి పంపుతుంది. అందుకే రెండు రోజుల ఎడంతోనైనా మళ్ళీ ఇవ్వవచ్చు, ఏడాదిలో 24 సార్లకు మించకుండా. అయిదేళ్ళ బాధ్యుడినైన నాకు ఈ సంగతులేవీ తెలియవు. చీటీ చేతికొచ్చాక తెలిశాయి.

ఇంటికొచ్చాక మరో చదువు మొదలైంది. పప్పులో ఉప్పెంతో తెలియని నేను అప్పటికప్పుడు వండి వేడిగా పెట్టడం నేర్చుకున్నాను. స్టెరాయిడ్ మాత్రల ఆకలికి రాత్రి రెండు గంటలకు ఉప్మా కావాలనేది, చేసి తెచ్చేలోగా ఎందుకు ఆలస్యమని కసిరేది. అది మనిషి కోపం కాదు, మందు కోపం అని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. చేతివేళ్ళు తిమ్మిరెక్కి జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయేది. ఇవన్నీ చూసి చుట్టుపక్కలవాళ్ళు "ఎంత సేవ చేస్తున్నాడో, దేవుడు" అన్నారు. నాకు సిగ్గేసింది. మా నాన్నగారు పక్షవాతంతో నాలుగేళ్ళు మంచాన ఉంటే అమ్మ చేసింది. ఆవిణ్ణి ఎవరూ దేవత అనలేదు. అది ఆవిడ పనే అనుకున్నారు, నేనూ అనుకున్నాను. భర్త చేస్తే త్యాగం, భార్య చేస్తే ధర్మం! ఈ తూకపురాళ్ళు మార్చవలసింది చదువుకున్న మీరే.

మరొక మాట. ఆ వేళ్ళ తిమ్మిరికి కారణమైన విన్‌క్రిస్టిన్ అనే మందు బిళ్ళగన్నేరు మొక్క నుంచి వస్తుంది. మన ఆఫీసు ముందు ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే మొక్కే అది. ఇంటి దగ్గర రెండేళ్ళు వారానికొక్కసారి మింగిన మెతోట్రెక్సేట్ వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన ఉంది. ఆయన బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే, లుకేమియా ఉన్న పిల్లలు కొందరు తాత్కాలికంగానైనా కోలుకున్నారని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. సుబ్బారావుగారు అదే ఏడాది కన్నుమూశారు. ఆదివారం ఆదివారం ఆ మాత్రలు లెక్కపెట్టి ఇస్తూ (పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి తెస్తాయి) ఆయనకు మనసులోనే దండం పెట్టుకునేవాణ్ణి.

నిరుటితో మాత్రలు ఆగాయి. మూడు నెలలకొకసారి పరీక్షకు వెళుతున్నాం. కాగితం చేతికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోం. అందరి కథా ఇలా ముగియదు. మా పక్క మంచం ఖాళీ అయిన రోజు నాకు జ్ఞాపకమే.

విద్యార్థి సంఘం వారికి నా మనవి ఒక్కటే. ఈ ఏడు రాబోయే కార్యవర్గం ప్రమాణ స్వీకారం చేసిన వారంలోనే, ఇష్టపడిన ప్రతి విద్యార్థి పేరు, రక్తం గ్రూపు, ఫోను నంబరు ఒక పుస్తకంలోకి ఎక్కించి, సమీపాన ఉన్న రక్తనిధులకు ఇవ్వండి. రిజిస్టరు ఖర్చు నేను పెట్టుకుంటాను. అధ్యాపకులలో మొదటి పేరు నాదే వ్రాయండి. ఓ పాజిటివ్.

ఆ కుర్రవాడి హాజరంటారా? రిజిస్టరులో వేయడానికి రూల్సు ఒప్పుకోలేదు. ఇక్కడ వేస్తున్నాను: ప్రజెంట్.