ఇంటింటా విజ్ఞానం: గుడ్డుకు పైవైపు ఏది?

గత సంచికలో పాలు తోడుకోవడం గురించి చెప్పుకున్నాం. తోడులో ఉండే బాక్టీరియా ఒకే ఒక్క కణంతో బతికే ప్రాణి అనీ, అది కంటికి కనిపించదనీ రాశాను. ఆ వాక్యాన్ని మా మనవడు గట్టిగా పట్టుకున్నాడు. వాడు ఇక్కడే బరంపురంలో ఏడో తరగతి చదువుతున్నాడు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఒక ఆదివారం ఉదయం వాళ్ల మామ్మ అట్టు వెయ్యడానికి గుడ్డు కొడుతుంటే పక్కన నిలబడి అడిగాడు.

"తాతా, కణం కంటికి కనపడదని రాశావు కదా. మరి గుడ్డు కూడా ఒక కోషేనని మా బళ్లో చెప్పారు. ఇంత పెద్ద కోషేటి?"

వాళ్ల మామ్మ ప్రశ్న వేరు. "కణమో కోషో తరవాత చూద్దురుగాని, ఇందులో ప్రాణం ఉందా లేదా? అది ముందు చెప్పండి" అంది.

రెండూ మంచి ప్రశ్నలే. ఈ సంచికలో వీటి గురించే మాట్లాడుకుందాం.

ముందు మాట సంగతి. ఒడియా పుస్తకంలో 'కోష' అన్నా, తెలుగు పుస్తకంలో 'కణం' అన్నా ఒకటే వస్తువు. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన సీసాలకు బిగించే బెండు బిరడాను పలచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూశాడు. తేనెపట్టులోని గదుల వంటి చిన్న చిన్న అరలు కనిపించాయి. వాటికి 'సెల్', అంటే చిన్న గది, అని పేరు పెట్టాడు. నిజానికి ఆయన చూసినవి ఖాళీ గదులు. చెట్టు బెరడులోని ఆ కణాలు ఎప్పుడో చనిపోయాయి, మిగిలినవి గోడలే. గదిలో కాపురం ఉండేవాళ్ల సంగతి తెలియడానికి మరో నూట డెబ్భై ఏళ్లు పట్టింది. 1838లో ష్లైడెన్ మొక్కలన్నీ కణాలతోనే కట్టి ఉన్నాయన్నాడు. 1839లో ష్వాన్ జంతువులూ అంతేనన్నాడు. 1855లో విర్హో ఇంకొక అడుగు వేసి, ఏ కణమైనా ఇంకొక కణం నుంచే పుడుతుంది తప్ప ఊరికే పుట్టదని తేల్చాడు. కణం అంటే రేణువు, కోశం అంటే లోపల ఏదో దాచుకున్న ఒర. మా వాడికి నేను చెప్పింది ఏమిటంటే, "రెండు మాటలూ ఉంచుకోరా. ఒకటి దాని పరిమాణం చెబుతుంది, రెండోది దాని పని చెబుతుంది."

ఆ ఒరలో ఏముంటుంది? చుట్టూ పలచని పొర. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో చూసే వాకిలి అదే. లోపల జిగురు వంటి జీవపదార్థం. మధ్యలో సాధారణంగా కేంద్రకం. మన ఊరి పట్టుచీర నేసే ఇంట్లో అంచు మీద గోపురాలు ఎన్ని పోగులకు ఒకసారి లేవాలో ఒక లెక్క ఉంటుంది కదా, కేంద్రకం అటువంటి లెక్క దాచిన పెట్టె. ఒక తేడా ఉంది. నేతగాడి ఇంట్లో లెక్క ఒకచోటే ఉంటుంది. మన శరీరంలో కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణం దగ్గరా మొత్తం లెక్క ఉంటుంది. చర్మం కణం చర్మానికి కావలసిన పేజీ చదువుతుంది, నరం కణం తన పేజీ చదువుతుంది. మనలో అన్ని రకాల కణాలూ కలిపి సుమారు 30 లక్షల కోట్లు ఉంటాయని అంచనా. మీరూ నేనూ కూడా మొదట ఒకే ఒక్క కణం. అప్పుడు మన వెడల్పు మిల్లీమీటరులో పదోవంతు.

ఇక గుడ్డు. మామ్మ చేతిలోని గుడ్డును గరిటెకు కాకుండా పళ్లెంలోకి కొట్టించాను. మీరూ పిల్లలను కూర్చోబెట్టుకుని చేసి చూడండి. పచ్చసొన ఉంది చూశారూ, కణం అంటే అదే. తెల్లసొనా, పెంకూ దానికి తొడిగిన బట్టలు మాత్రమే. సాధారణంగా కణం కంటికి కనపడదు. గుడ్డులోది మాత్రం పుట్టబోయే పిల్లకు 21 రోజుల బత్తెం ముందుగానే మూటగట్టుకుంది కాబట్టి అంత పెద్దదైంది. పచ్చసొన మీద జాగ్రత్తగా చూస్తే ఆవగింజకు కాస్త పెద్దగా తెల్లని చుక్క ఒకటి ఉంటుంది. పిల్ల తయారైతే అక్కడే తయారవుతుంది. మిగిలినదంతా తిండి.

మామ్మకు జవాబు. కోళ్ల ఫారం నుంచి అంగడికి వచ్చే గుడ్లు పుంజుతో కలవని పెట్టలు పెట్టినవి. తండ్రి వైపు సగం లెక్క దానికి అందలేదు. అది కణమే గాని పిల్ల కాదు, ఎన్నాళ్లు పొదిగినా కాబోదు. పుంజు తిరిగే ఇంటి పెట్ట గుడ్డు సంగతి వేరు. అది బయటికి వచ్చేసరికే ఆ తెల్లచుక్క వేల కణాలుగా విడిపోయి ఉంటుంది. చల్లగా ఉంటే ఆగి ఉంటుంది, వేడి తగిలితే మళ్లీ సాగుతుంది. ప్రాణం ఉన్నదానికి గుర్తులు ఏమిటని పుస్తకం చెబుతుంది? తింటుంది, ఊపిరి తీస్తుంది, పెరుగుతుంది, చుట్టూ ఉన్నదానికి స్పందిస్తుంది, తనవంటిదాన్ని కంటుంది. పొదిగే గుడ్డు కదలదు గాని, పెంకులోని సన్నని రంధ్రాల గుండా ఊపిరి తీస్తూనే ఉంటుంది. సొన తింటూ, పెరుగుతూనే ఉంటుంది.

ఈ పని అంతటికీ శక్తి కావాలి. కణం ఆ శక్తిని చిల్లర డబ్బులా వాడుకునే పదార్థం పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఎ.టి.పి. దాన్ని కండరంలో గుర్తించి 1929లో లోకానికి చెప్పినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు, యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ అదే ఏడాది విడిగా కనిపెట్టాడు, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావు కనిపెట్టారు. మన బరంపురంలో వి.వి. గిరి గారు పుట్టిన మరుసటి ఏడాదే, 1895లో, సుబ్బారావు భీమవరంలో పుట్టాడు. అప్పట్లో ఈ రెండు ఊళ్లూ మద్రాసు రాజధానిలోవే. మన పిల్లలకు ఈ పేరు చెప్పండి, వాళ్ల పాఠ్యపుస్తకంలో ఉండకపోవచ్చు.

మళ్లీ పళ్లెంలోకి చూడండి. పచ్చసొనకు అటూ ఇటూ తెల్లని మెలిపెట్టిన తాళ్ల వంటివి రెండు ఉంటాయి. చాలామంది అవి పిల్ల తాలూకు పేగులనుకుని తీసి పారేస్తారు. కావు. ఉయ్యాలకు గొలుసుల్లాగా పచ్చసొనను నడిమధ్య నిలిపి ఉంచేవి అవి. గుడ్డును ఎటు దొర్లించినా తెల్లచుక్క తిరిగి పైకే వస్తుంది, పొదిగే తల్లి వేడికి దగ్గరగా. అందుకే కోడిపెట్ట రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను దొర్లిస్తుంది. దొర్లించకపోతే లోపలి పిల్ల పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది, చచ్చిపోతుంది.

ఈ పాఠం నేను ఏళ్ల తరబడి చెప్పాను. ఈ పాఠం తెలిసి ఉండడం వల్లనే ఒక తప్పు కూడా చేశాను. అది చెప్పాలనే ఈసారి గుడ్డు ఎత్తుకున్నాను.

మన గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలూ లక్షలుగా ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయని మీకు తెలుసు. శాస్త్రజ్ఞుల దృష్టికి ఆ సంగతి 1994లో వచ్చింది. ఒడ్డునున్న జాలరి పల్లెలవాళ్లకు మాత్రం అంతకుముందు నుంచీ తెలుసు. ఆ పల్లెల్లో పొడంపేట ఒకటి. ఒడియావాళ్లు నోలియాలు అని పిలిచే తెలుగు జాలర్ల ఊరు అది. తరవాత సముద్రం కోసుకుంటూ రావడంతో వాళ్లు పాత ఊరు వదిలి వేరేచోట ఇళ్లు కట్టుకోవలసి వచ్చింది.

1990లు ముగుస్తున్న రోజుల్లో, ఒక మార్చి నెలలో, మా తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్లాను. అలలు ఇసుకను కోసేసి ఒక గూడు బయటపడింది. పింగ్‌పాంగ్ బంతులంత తెల్లని గుడ్లు, మెత్తని తోలు వంటి పెంకు, వంద దాకా ఉంటాయి. కాకులు అప్పుడే చేరుతున్నాయి. పిల్లలు గోల పెట్టారు, "మాస్టారూ, కాపాడుదాం" అని. నాకూ ఉత్సాహం వచ్చింది. బకెట్టులోకి ఎత్తాం, నీళ్లతో శుభ్రంగా కడిగాం, ఒడ్డుకు దూరంగా గుంట తీసి అరలు అరలుగా పేర్చి ఇసుక కప్పాం. కోడిగుడ్డు ఎటు పెట్టినా ఒకటే కదా! పనికి చప్పట్లు కూడా కొట్టుకున్నాం. తాబేలు గుడ్డును తాకడానికే చట్టం ఒప్పదన్న సంగతి నాకు తట్టనేలేదు.

వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరి ఒకాయన లేచి వచ్చి చూశాడు. "కోడిగుడ్డనుకున్నారేటి మాస్టారూ? తల్లి ఎలా పెట్టిందో అలాగే ఉండాల. తిప్పితే లోపల చచ్చిపోద్ది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. చదువుకున్నవాణ్ణి నేను కదా.

రెండు నెలల తరవాత మళ్లీ వెళ్లాను. అక్కడి గూళ్లలోంచి పిల్లలు వెళ్లిపోయిన ఆనవాళ్లు ఉన్నాయి. మా గుంట మాత్రం మేం కప్పినట్టే ఉంది. ఆయన నన్ను గుర్తుపట్టాడు. దెప్పలేదు. "ఒక్కటీ రాలేదు బాబూ" అన్నాడు, అంతే.

ఆ తరవాత చదివితే తెలిసింది, ఆయన మాటే శాస్త్రం. తాబేలు గుడ్డులో ఆ ఉయ్యాల గొలుసులు లేవు. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పైకి తేలి, పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో పైభాగంలో తెల్లని మచ్చగా బయటికే కనిపిస్తుంది. అక్కడి నుంచే దాని ఊపిరి. దాన్ని తలకిందులు చేస్తే ఆ అతుకు తెగుతుంది, లేదా బరువు కింద నలుగుతుంది. కోడిపిల్లకు ప్రాణాంతకమైన అతుకే తాబేలు పిల్లకు ప్రాణాధారం. అలల్లో తడిసిన ఆ గుడ్లు ఎలాగూ బతికేవో లేదో నేను చెప్పలేను. బతకగలిగినవి ఉన్నా, వాటిని చంపింది మాత్రం మేమే, అదీ శుభ్రంగా కడిగి మరీ.

ఇంకో తేడా కూడా ఉంది. కోడిపిల్ల పెట్టో పుంజో తల్లి ఇచ్చిన క్రోమోజోము తేలుస్తుంది. మనుషుల్లో తండ్రి ఇచ్చినది తేలుస్తుంది. ఈ విషయం తెలియకనే ఎందరో కోడళ్లు మాటలు పడ్డారు. తాబేలు గుడ్డులో అది తేల్చేది ఇసుక వేడి. పొదుగుకాలం 45 నుంచి 60 రోజులు. అందులో నడిమి భాగంలో ఇసుక 29, 30 డిగ్రీల దగ్గర ఉంటే ఆడా మగా దాదాపు సగం సగం. అంతకన్నా చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. మరీ వేడెక్కితే గుడ్లే చచ్చిపోతాయి. ఎండలు ముదురుతున్న ఈ కాలంలో శాస్త్రజ్ఞుల బెంగ అదే. మగవే పుట్టకపోతే ముందు తరం సంగతేమిటి?

2024లో ఋషికుల్యకు ఆ గుంపు రానేలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. పుట్టిన పిల్లల్లో వెయ్యికి ఒకటి రెండే పెద్దవవుతాయని అంచనా. కనుక మనం చూడడానికి వెళ్లినప్పుడు కొన్ని నియమాలు పెట్టుకుందాం. గుడ్డు బయటపడి ఉన్నా చేత్తో ముట్టవద్దు, అటవీశాఖవారికి గాని ఊళ్లో కాపలా కాసే కుర్రాళ్లకు గాని చెప్పండి. రాత్రిపూట టార్చి, ఫోను వెలుగు వెయ్యవద్దు. పిల్ల తాబేలు వెలుగు ఉన్నవైపే సముద్రం ఉందనుకుంటుంది. గూళ్లున్న ఇసుక మీద నడవవద్దు.

కణం అన్ని ప్రాణుల్లోనూ ఒకే తీరున కట్టిన గది అని పుస్తకం చెబుతుంది, అది నిజమే. కాని ఏ ప్రాణి గది ఎటు తిరిగి ఉండాలో, ఎంత వేడి కోరుతుందో ఆ ప్రాణిని చూసి నేర్చుకోవాలి, దాన్ని రోజూ చూసేవాళ్లను అడిగి నేర్చుకోవాలి. నేను ఆ రోజు అడగలేదు. ఆయన తనంతట తాను చెప్పినా వినలేదు.

ఇదంతా విని మా వాడు పళ్లెంలోని తెల్లతాళ్లను చెంచాతో కదిపి చూస్తూ, "అయితే తాతా, పాము గుడ్డుకో? బల్లి గుడ్డుకో?" అన్నాడు. వాళ్ల మామ్మ పళ్లెం లాక్కుని, "ముందు అట్టు తినండి ఇద్దరూ" అంది.

చిన్నారులకు ఈసారి పని: పెద్దల సాయంతో ఒక గుడ్డును పళ్లెంలోకి కొట్టి, పచ్చసొన, తెల్లచుక్క, రెండు తాళ్లు, పెంకు లోపలి పొర, మొద్దు చివరనున్న గాలిగది గుర్తించి బొమ్మ గీయండి. ప్రతి భాగం పేరూ తెలుగులోనూ, మీ బడి భాషలోనూ రాసి మన సంఘానికి పంపండి. మీ ఊళ్లో జాలర్లు, రైతులు, పశువుల కాపరులు ఎవరైనా ఏదైనా ప్రాణి గురించి మీకు చెప్పిన విషయం ఉంటే అదీ రాయండి. వచ్చే సంచికలో పాము, బల్లి గుడ్ల సంగతి చూద్దాం. మనవడికి మాట ఇచ్చాను మరి.